మా గదిలోకి వచ్చిన కొత్త గొంతు

కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో మేమిద్దరం ఉండేవాళ్లం. నాది కృష్ణా జిల్లా, తనది కరీంనగర్ వైపు పల్లెటూరు. ఇద్దరం సివిల్స్ కోసమే ఢిల్లీ వచ్చాం. ఇద్దరి ఆప్షనల్ సబ్జెక్టూ తెలుగు సాహిత్యమే. తనకు పుట్టుకతోనే చూపు లేదు. నాకంటే రెండేళ్లు చిన్నది కాబట్టి నన్ను అక్కా అని పిలిచేది.

కోచింగ్‌లో పరిచయమై, కలిసి గది తీసుకుందామని తనే అడిగినప్పుడు లోపల భయపడ్డాను. అన్నీ నేనే చూసుకోవాల్సి వస్తుందేమో, నా చదువు ఏమైపోతుందో అనుకున్నాను. వారం తిరక్కుండానే ఆ భయం పోయింది. చారు నాకంటే బాగా పెట్టేది. మెట్ల మీద బల్బు పోయిన రోజున నేను గోడ పట్టుకుని దిగుతుంటే తను నా ముందు టకటకా దిగిపోయేది. తను నా దగ్గర తీసుకున్న సాయం ఒక్కటే. సాయంత్రాలు తెలుగు పుస్తకాలు చదివి వినిపించడం.

ఇంగ్లీషుకు నా అవసరం లేదు. తన పాత ల్యాప్‌టాప్‌లో తెర మీది అక్షరాలు పైకి చదివే ప్రోగ్రామ్ ఉండేది. పాలిటీ, ఎకానమీ, పేపర్లు అన్నీ అదే చదివేది. తెలుగు అక్షరం ఎదురైతే మాత్రం ఆ గొంతు క్షణం ఆగి, అక్కడేమీ లేనట్టు దాటిపోయేది. అక్కడి నుంచి నా వంతు. టీ తాగాక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని చదివేదాన్ని. తను ఎదురు మంచం మీద మోకాళ్లు దగ్గరికి తీసుకుని, దుప్పటి అంచు వేళ్లతో మడత పెడుతూ వినేది.

నేను బాగా చదువుతానని నాకు తెలుసు. బళ్లో పద్యాల పోటీల్లో బహుమతులు తెచ్చుకున్న గొంతు నాది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గించాలో, పాత్ర మారినప్పుడు గొంతు ఎలా మార్చాలో చూసుకుని మరీ చదివేదాన్ని. కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీకి తెలుగు ముక్క రాదు. అయినా మేడ మీద బట్టలు ఆరేసి దిగుతూ మా గుమ్మంలో నిలబడి, "కిత్‌నా మీఠా పఢ్తీ హో బేటా", ఎంత తియ్యగా చదువుతావమ్మా, అనేది. ఆ రోజు ఇంకో రెండు పేజీలు ఎక్కువ చదివేదాన్ని.

ఇలా ఏడాది పైగా నడిచింది. తర్వాత తన ల్యాప్‌టాప్ తెర మీద ఒక కబురు రావడం మొదలైంది. ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇక అప్‌డేట్లు రావు, కొత్తదానికి మారండి, అయితే మీ కంప్యూటర్ కొత్తదాన్ని మొయ్యలేదు. ఆ గొంతు రోజూ పొద్దున్నే ఆ మాట చదివేది. కొత్త ల్యాప్‌టాప్ కొనే మాట మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు.

"అన్నకు ఫోన్ చేసిన. వేరే సిస్టం ఉన్నదట. పైసలు వద్దట, పాత లాప్‌టాప్‌ల గూడ నడుస్తదట. ఆదివారం వస్తనన్నడు" అంది తను ఒకరోజు.

అన్న అంటే గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కడప ఆయన. ఆయనకూ చూపు లేదు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. సెలవు రోజుల్లో చూపు లేని విద్యార్థుల గదులకు వెళ్లి కంప్యూటర్లు సరిచేసి పెడతాడు. అప్పటికి తనకు ఫోన్‌లోనే పరిచయం.

ఆదివారం పొద్దున నేను హౌజ్ ఖాస్ మెట్రో దాకా వెళ్లి తీసుకొస్తానన్నాను. "ఎందుకక్కా, ఆయనే వస్తడు" అంది. నిజంగానే కర్ర చప్పుడు మెట్ల మీద వినిపించి, మా తలుపు దగ్గరే ఆగింది. ఆయన లోపలికి వచ్చి, కుర్చీ ఎక్కడుందో అడిగి కూర్చున్నాడు. నేను ఉప్మా చెయ్యడానికి స్టవ్ దగ్గరికి వెళ్లాను.

ఆయన తన సంచీలోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. అందులో ఆ కొత్త సిస్టమ్ మొత్తం ఉందట. ముందు దాని మీదే నడుపుకుని చూడొచ్చట. నచ్చితే లోపల ఎక్కించుకోవడం, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే పాతది పాతగానే ఉంటుందట.

"నేను ముట్టుకోను మ్మా. నువ్వే చెయ్యి" అన్నాడు.

"తప్పు జరిగితేనో?"

"ఏమవుతాది? మళ్లా చేస్తావ్."

తను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని స్విచ్ నొక్కింది. ఆయన ఏవో మూడు మీటలు కలిపి నొక్కమన్నాడు. వెంటనే గొంతు లేచింది. అంతకు ముందు సిస్టమ్ ఎక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ తెర మీద ఏముందో నేను చదివి చెబితే తను నొక్కేది, చాలాసార్లు నేనే నొక్కేదాన్ని. ఇప్పుడు మొదటి తెర నుంచీ అది మాట్లాడుతోంది. భాష ఏది, కీబోర్డు ఏది, వైఫై ఏది అని అడుగుతుంటే తను జవాబులు నొక్కుకుంటూ పోయింది. తన పెదవులు బిగుసుకుని ఉన్నాయి. చివరికి పెన్‌డ్రైవ్ మీద అంతా సిద్ధమైందని ఆ గొంతు చెప్పగానే తను నవ్విన నవ్వు నేను అంతవరకూ చూడలేదు. చూడలేదన్న సంగతే నన్ను గుచ్చింది.

వాళ్లిద్దరూ షార్ట్‌కట్ల గురించి మాట్లాడుకున్నారు. ఏ మీటతో ఏ మీట కలిపితే ఏం పలుకుతుందో చెప్పుకుని, మధ్యలో ఎందుకో నవ్వుకున్నారు. నాకు ఆ నవ్వు అర్థం కాలేదు. ఉప్మా ప్లేట్లు చేతుల్లో పెట్టాను. ఆయన "బాగుంది మ్మా" అన్నాడు. మా గదిలో నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టనిపించింది.

వెళ్లబోతూ ఆయన ఇంకో మాట అన్నాడు. "ఇందులో తెలుగు కూడా చదువుతాది. గొంతు కొంచెం రేకు డబ్బా మాదిరి ఉంటాది గానీ, చదువుతాది."

తను నా వైపు తిరిగింది. "విన్నవా అక్కా?"

"విన్నాను" అన్నాను.

ఆ సాయంత్రమే పరీక్ష పెట్టాం. పుస్తకంలోని పుట ఫోన్‌తో ఫొటో తీస్తే అక్షరాలుగా మార్చిపెట్టే ప్రోగ్రామ్ ఒకటుంది. అలా మార్చిన తెలుగును ల్యాప్‌టాప్‌లోకి పంపి, కొత్త గొంతుతో చదివించింది. ఆయన చెప్పింది నిజమే. రేకు డబ్బాలో కూర్చుని ఎవరో మాట్లాడుతున్నట్టుంది. ఎక్కడా ఆగదు. ప్రశ్నకూ మామూలు మాటకూ తేడా లేదు. పైగా ఆ ప్రోగ్రామ్ 'వ'ని 'ప' అనుకుని, 'వాన' అని ఉన్నచోట 'పాన' అని పెట్టింది. పాన కురిసింది అని చదివింది ఆ గొంతు. నేను పగలబడి నవ్వాను. తనూ నవ్వింది గానీ, "పాన అంటే వానే గద. సమజైతది తీయ్" అంది.

నాకు నవ్వు ఆగిపోయింది. నేను ఒకసారి 'విశేషం'లో 'శే'ను 'షే' లాగా పలికితే ఆపి మళ్లీ చదివించిన మనిషి తను. "అక్కా, పరీక్షల రాసేటప్పుడు నాకు గట్లనే చెవుల ఉంటది, మంచిగ పలుకు" అని నాకు పాఠం చెప్పిన మనిషి. ఆ రేకు డబ్బా వాననే పాన చేస్తే మాత్రం సర్దుకుపోతోంది. ఓ యంత్రం మీద కళ్లలో నిప్పులు పోసుకోవడం ఏమిటని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోయేది కాదది.

పెన్‌డ్రైవ్ మీద నడుపుతున్న ఆ రోజుల్లో రోజుకో సంగతి బయటపడేది. పాత సిస్టమ్ తెరుచుకునే లోపల పాలు కాగిపోయేవి. ఇది స్విచ్ నొక్కి కూర్చునేలోగా తెరుచుకునేది. ల్యాప్‌టాప్ కింద ఒళ్లు కాలడం తగ్గింది. కానీ మూత వేసి తీస్తే వైఫై పోయేది. కోచింగ్ వాళ్ల ఆన్‌లైన్ పరీక్షలో ఇంకా ఎంత సమయం మిగిలిందో ఈ గొంతు చదివేది కాదు. తను ఏళ్ల తరబడి వాడిన నోట్సు ప్రోగ్రామ్ ఇందులో నడవలేదు, దాని బదులు వేరొకటి నేర్చుకోవాలి. తెలుగు టైపు చేసే మీటల అమరిక కూడా వేరు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి కూర్చున్నప్పుడు తను అడిగింది. "అక్కా, నువ్వు చెప్పు. ఉంచాల్నా, తీసెయ్యాల్నా? అన్నీ చూసినవ్ గద."

నాకు తోచింది తోచినట్టు చెప్పాను. ఒక్క అబద్ధం ఆడలేదు. వైఫై సంగతి చెప్పాను. పరీక్ష గడియారం సంగతి చెప్పాను. గొంతు మధ్యలో ఆగిపోతే మెషీన్ చచ్చిందో బతికుందో తనకు తెలిసే దారి లేదని చెప్పాను. నోట్సు అన్నీ కొత్తదానిలోకి మార్చుకోవాలంటే ప్రిలిమ్స్ ముందు అదొక పని అని చెప్పాను. తర్వాత మంచివి కూడా చెప్పాను. త్వరగా తెరుచుకుంటుంది, వేడెక్కదు, ఎవరి సాయం లేకుండా ఎక్కించుకోవచ్చు, తెలుగు చదువుతుంది.

తను అంతా వింది. తర్వాత మెల్లగా అంది. "నువ్వు చెడ్డయి చెప్తుంటే నీ గొంతు లేస్తది అక్కా. మంచియి చెప్తుంటే దిగుతది."

"అదేం లేదే. అన్నీ ఒకేలా చెప్పాను."

"మాటలు ఒక్కతీర్గనే చెప్పినవ్. నేను గొంతు గురించి అంటున్న."

నేను కంచాలు తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లిపోయాను. కొళాయి పెద్దగా తిప్పి, కడిగిన కంచాన్నే మళ్లీ కడిగాను.

ఆ తర్వాతి వారం అనుకుంటా, నేను బట్టలు మడత పెడుతున్నాను. తను కొత్త గొంతుతో తెలుగు పాఠం వింటోంది. ఇయర్‌ఫోన్ ఎక్కడో పెట్టి మరిచిపోయి, స్పీకర్‌లోనే పెట్టుకుంది. వింటూ వింటూ ఏదో మీట నొక్కుతోంది. నొక్కినప్పుడల్లా గొంతు వేగం పెరుగుతోంది. మొదట వార్తలు చదివే మనిషిలా ఉన్నది కాస్తా, రైలు వస్తుంటే తొందరపడుతున్న మనిషిలా అయింది. ఇంకా నొక్కింది. నాకు మాటలు విడివిడిగా వినిపించడం మానేశాయి. వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట తప్ప ఏమీ వినిపించడం లేదు. తను మాత్రం తల కొంచెం వంచి కూర్చుంది. ముఖంలో ఏ ఇబ్బందీ లేదు.

"నీకు అది అర్థమవుతోందా?" అని అడిగాను.

"మంచిగ సమజైతున్నది." ఆపింది. "చెప్పాల్నా?" అని, అప్పటిదాకా విన్న భాగం మొత్తం వరసగా చెప్పింది. ఎవరు ఏ కాలం వారు, విమర్శకులు ఏమన్నారు, ఉదాహరణ పద్యం ఏమిటి, అన్నీ. నేను చదివి ఉంటే ఆ భాగానికి ఒక సాయంత్రం పట్టేది. నేను మడత పెట్టింది రెండు జతల బట్టలు.

నేను మంచం మీద కూర్చున్నాను. "ఇంగ్లీషు కూడా ఇంత వేగంగానే వింటావా?"

"ఇంకింత ఎక్కువ. చిన్నప్పటి సంది అలవాటు గద. ఇయర్‌ఫోన్‌ల వింట గని, నీకు తెల్వదు."

ఆ మాట విన్నాక అడగకుండా ఉండాల్సిన ప్రశ్న అడిగాను. "మరి ఇన్నాళ్లూ నేను చదువుతుంటే నీకు విసుగొచ్చేదా?"

తను ఆలోచించింది. అబద్ధం చెప్పడం తనకు చేతకాదు. "విసుగు గాదక్కా. అప్పుడప్పుడు నిద్రొచ్చేది. దుప్పటి మడతలు వెట్టుకుంట కూసునేదాన్ని నిద్ర రాకుండ."

నేను ఎంతో ముద్దుగా చూసుకున్న దృశ్యం అది. నా గొంతుకు లీనమై దుప్పటి అంచు మడత పెడుతోందని అనుకునేదాన్ని. నేను పాత్రలకు గొంతులు మార్చుతుంటే, పద్యానికి ముందు ఊపిరి పీల్చుకుంటుంటే, తను నా వాక్యం ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. అప్పటిదాకా నా కుళ్లు ఆ గొంతు మీద. ఆ సాయంత్రం నుంచి తన మీదికి మళ్లింది. మేమిద్దరం ఒకే పరీక్షకు, ఒకే సబ్జెక్టుకు చదువుతున్నాం. తన బుర్రలోకి నాకంటే నాలుగింతల వేగంతో అక్షరం వెళుతోంది. ఇన్నాళ్లూ తనను నా వేగానికి కట్టేసిన తాడు నేనే. ఆ తాడు ఇప్పుడు తెగింది. తనకు సాయం చేస్తున్నానని లోలోపల నేను ఎంత ఎత్తున కూర్చున్నానో, దిగాల్సి వచ్చినప్పుడే తెలిసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు మాక్ టెస్ట్ ఉన్న పొద్దున, తన ల్యాప్‌టాప్ గొంతు ఆగిపోయింది. మీటలు నొక్కితే చప్పుడు లేదు. తను "అక్కా" అని పిలిచింది. నేను పుస్తకం పక్కన పడేసి ఒక్క అంగలో వెళ్లాను. ఎంత సంతోషంగా వెళ్లానంటే, నా కాళ్లకే సిగ్గు వేసి ఉండాలి. తెర మీద అన్నీ మామూలుగానే ఉన్నాయి, గొంతు ఒక్కటే లేదు.

"ఏమున్నదో చదువుతవా?" అంది.

నేను చదవడం మొదలుపెట్టేలోపే తన చేతిలో ఫోన్ ఉంది. "అన్నా, మాట్లాడ్త లేదు" అంది. అటు నుంచి ఆయన ఏదో చెప్పాడు. తను మళ్లీ ఆ మూడు మీటలు కలిపి నొక్కింది, ఆగింది, ఇంకోసారి నొక్కింది. రేకు డబ్బా గొంతు తిరిగి వచ్చింది.

"వచ్చింది" అని ఫోన్ పెట్టేసి, "అక్కా, చాయ్ పెడ్తవా? టెస్ట్ సురువైతది" అంది.

పెట్టాను. అల్లం కూడా వేశాను.

ఆ ఆదివారం తను పెన్‌డ్రైవ్ అవసరం లేకుండా కొత్తదాన్ని లోపలికే ఎక్కించుకుంటానంది. నేను జిరాక్స్‌లు తీసుకోవాలని చెప్పి పక్కనే ఉన్న బేర్ సరాయ్ వెళ్లాను. పుస్తకాల షాపులన్నీ తిరిగి, మెస్‌లో భోంచేసి, అవసరం లేని పాత ప్రశ్నపత్రాలు కూడా కొనుక్కుని నడిచి వచ్చేసరికి అంతా అయిపోయింది. పాత సిస్టమ్ లేదు. తను ఒక్కతే కూర్చుని చేసుకుంది.

అలా నా సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. చదువుకోవడానికి బోలెడు సమయం దొరికిందని మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను. కానీ పుస్తకం తెరిస్తే కళ్లు గీతల వెంట పోతాయి తప్ప లోపల ఏదీ నిలవదు. ఏడాది పాటు తెలుగంతా నోటితో చదివాను. నాకు వచ్చిన తెలుగు ఆప్షనల్ మొత్తం నా గొంతు నా చెవికి చెప్పింది. తనకు సాయం చేస్తున్నాననుకున్న ఆ గంటల్లోనే నేను చదువుకున్నాను. వరసగా రెండు టెస్టుల్లో నాకు మార్కులు పడిపోయాయి, తనకు పెరిగాయి. జాబితాలో తన పేరు నా పేరుకు పైన కనబడినప్పుడు అభినందనలు చెప్పి, మేడ మీదికి వెళ్లి ఆంటీ ఆరేసిన చీరల మధ్య చాలాసేపు నిలబడ్డాను.

చివరికి నేనే అడిగాను. "నేను పైకి చదువుకుంటే నీకు ఇబ్బందా?"

"చదువుకో అక్కా. నేను ఇయర్‌ఫోన్ పెట్టుకుంట."

ఆ మాటకు మళ్లీ మనసు చివుక్కుమంది. అయినా చదివాను. మొదటి రెండు రోజులూ ఎవరూ వినని గదిలో చదవడానికి సిగ్గేసి గొణిగాను. మూడో రోజుకు పాత్రలకు గొంతులు మార్చడం మానేశాను. నాకు కావలసినచోట ఆగాను, తెలిసిన భాగం దాటేశాను, అర్థం కాని వాక్యాన్ని ఐదుసార్లు చదివాను. తన కోసం చదివేటప్పుడు అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఎదురు మంచం మీద తను రెండు చెవులూ మూసుకుని, తన వేగంలో తను పోతుండేది. ఒకే గదిలో, ఒకే పుస్తకం, రెండు వేగాలు. కొన్నాళ్లకు అదీ అలవాటైంది.

ఆ ఏడు తను ప్రిలిమ్స్ దాటింది, నేను దాటలేదు. మెయిన్స్‌లో తనూ ఆగిపోయింది. ఇద్దరం ఇంకోసారి రాశాం, అప్పుడూ రాలేదు. తర్వాత తనకు గుర్‌గావ్‌లో చూపు లేనివాళ్లకు కంప్యూటర్లు నేర్పే శిక్షణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకుంది. నేను నోయిడాలో అనువాదాల కంపెనీలో చేరి దగ్గర్లోని వైశాలికి మారాను. సామాను ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు ఆంటీ ఇద్దరినీ పట్టుకుని ఏడ్చింది. మేం ఏడవలేదు.

నా కుళ్లు ఎప్పుడు పోయిందో చెప్పలేను. మొత్తం పోయిందని కూడా చెప్పలేను. ఆఫీసులో నాకు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు, దానిలో తన పాత సిస్టమ్ చేసిన పెద్ద కంపెనీ వాళ్ల సరికొత్తది ఉందని ముందుగా తనకే ఫోన్ చేసి చెప్పాను. "అచ్ఛా, మంచిదక్కా" అంది, ఒక్క ప్రశ్న అడగలేదు. కొంచెం అసూయపడుతుందేమోనని ఆశించాను కాబోలు.

మొన్న తనే ఫోన్ చేసింది. తన సిస్టమ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందట. కేంద్రంలో కంప్యూటర్లన్నీ దానికి మార్చాలా వద్దా అన్నది తను తేల్చాలట. "శనివారం వచ్చి చూస్తవా?" అంది.

"నేనెందుకు? అన్న ఉన్నాడుగా."

"అన్నకు అన్నీ మంచిగనే అనిపిస్తయ్. చెడ్డయి ఏరాలంటే నువ్వే ఉండాలె."

శనివారం వైశాలిలో మెట్రో ఎక్కి, రాజీవ్ చౌక్‌లో మారి, గుర్‌గావ్ చేరేసరికి ఎండ ముదిరింది. నేను వెళ్లేసరికి తను పిల్లలకు క్లాసు చెబుతోంది. నన్ను ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి వెళ్లింది. మధ్యాహ్నం దాకా దాన్ని తిప్పి తిప్పి చూశాను. తెలుగు అక్షరాల కింద ఒత్తులు కొన్నిచోట్ల తెగిపోయి కనిపిస్తున్నాయి. ప్రింటర్‌ను గుర్తుపట్టడం లేదు. పాత మెషీన్ల మీద పాతదానికంటే కొంచెం నెమ్మది. తెలుగు గొంతు మాత్రం బాగుపడింది, ప్రశ్న దగ్గర లేస్తోంది, కామా దగ్గర ఆగుతోంది. ఆ మాట కూడా చెప్పాను.

తను అన్నీ శ్రద్ధగా విని, ప్రింటర్ సంగతి ఒక్కటి తిరిగి అడిగి, నేను చేతులు కడుక్కుని వచ్చేలోగా మొదటి కంప్యూటర్‌ను మార్చడం మొదలుపెట్టేసింది. ఇద్దరం అక్కడే అన్నం తిన్నాం. చారు ఇంకా నాకంటే బాగానే పెడుతోంది.